ఇరవై మార్కుల ముడి

ముడి కనిపిస్తే విప్పకుండా ఉండలేని ఇంట్లో పుట్టింది గంగరత్నం. నిజాంపట్నం హార్బరులో వలలు బాగుచేసే పేరయ్య కూతురు ఆమె. ఆ ఇంట్లో మంచి తాడు మీద కత్తి పెట్టడమంటే చేపల వేటకి వెళ్ళినవాళ్ళ ఆయుష్షు మీద పెట్టినట్టే లెక్క. ఎంత బిగిసిన ముడైనా సరే నీళ్ళలో నానబెట్టాలి, మేకుతో కదిలించాలి, అవసరమైతే పళ్ళతో పట్టి లాగాలి, చివరికి విప్పి తీరాలి. పూట పడుతుందా? పట్టనీ. చేతిలో చిక్కుముడి ఉండగా అన్నానికి పిలిస్తే పేరయ్యకి కోపం వచ్చేది.

అలాంటి ఇంటి పిల్ల కానిస్టేబులై రేపల్లె వైపు ఒక స్టేషన్లో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. పనంటే ఏం పని! రిసెప్షను బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవడం, మీటింగులకి ఎండలో నిలబడటం, ఆడ ముద్దాయి ఎవరైనా ఉంటే కోర్టుకి తోడెళ్ళడం. నేరం జరిగిన చోటికి మాత్రం ఒక్కసారీ తీసుకెళ్ళలేదు. "నువ్వు చూడలేవులేమ్మా" అనేవారు. చిన్నప్పటినుంచీ బుట్టెడేసి చేపలు కోసిన చేతులవి, ఆమె చూడలేనిదేముంది? కానీ ఆ చేపల సంగతి ఆమె స్టేషన్లో ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తర్వాత చెబుతాను, ఇప్పుడే చెబితే ఆమె మీద మీకు కోపం వస్తుంది.

ఇంతలో ఆర్డరు వచ్చింది. రెండు జిల్లాల నుంచీ ఆరుగురు చొప్పున పన్నెండు మందికి బాపట్లలో ఆరు రోజులు ఫోరెన్సిక్ శిక్షణ. చివర్లో పరీక్ష. జిల్లాకి ఒక్కరిని క్లూస్ టీంలోకి తీసుకుంటారు. అంటే నేరం జరిగిన చోటికి అందరికన్నా ముందు వెళ్ళి, వేలిముద్రలూ పాదముద్రలూ పోగుచేసే జట్టు. ఆ కాగితం చదివిన రోజు గంగరత్నానికి అన్నం సహించలేదు. ఆ ఒక్క సీటు తనకి రావాలి. తొమ్మిదేళ్ళలో ఏదైనా కావాలని ఇంత గట్టిగా అనుకోవడం అదే మొదలు.

వెళ్ళింది, వెళ్ళిన మొదటిరోజే పప్పులో కాలేసింది.

శిక్షణ ఇచ్చేది ఫోరెన్సిక్ ల్యాబ్ నుంచి వచ్చిన శశిధర్ గారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో పోగొట్టుకున్నవాడిలా నేలవైపు చూస్తూ నడిచే మనిషి. హాలు మధ్యలో దొంగతనం జరిగినట్టు సామాన్లు చెల్లాచెదురుగా పేర్చి, దొంగ పారిపోతూ వదిలేశాడని చెప్పి నైలాను తాడుతో కట్టిన దుప్పటి మూట ఒకటి అక్కడ పెట్టించాడు. "మొదట ఎవరొస్తారు?" అన్నాడు. ఎవరూ లేవలేదు. గంగరత్నంతో పాటు అదే స్టేషన్ నుంచి వచ్చిన హెడ్ కానిస్టేబుల్ జ్ఞానానందం ఆమెని మోచేత్తో పొడిచాడు.

"వెళ్ళు చెల్లెమ్మా. నాకా, రిటైర్మెంటు దగ్గరపడింది. వంగితే లేవలేను."

గంగరత్నం వెళ్ళింది. గ్లౌజులు తొడుక్కుంది, అడుగు చూసుకుని వేసింది, నంబరు కార్డులు పెట్టింది, ఫోటోలు తీసింది. శశిధర్ గారు తల ఊపుతున్నాడు. "మూటలో ఏముందో చూడమ్మా" అన్నాడు. అంతే. ఆమె బుర్ర ఆలోచించేలోపే వేళ్ళు పని కానిచ్చేశాయి. తాడు ఒకపక్క, దుప్పటి ఒకపక్క.

శశిధర్ గారు దగ్గరికొచ్చాడు.

"ఏముందమ్మా మూటలో?"

"ఇత్తడి బిందండి. రెండు చెంబులండి."

"బిందె ఎవరిది?"

"ఇంటివాళ్ళదండి."

"మరి ముడి ఎవరిది?"

గంగరత్నం పక్కన పడి ఉన్న తాడు వైపు చూసింది.

"ముడి దొంగది" అన్నాడాయన. "ఇంటివాళ్ళ సొమ్ము భద్రంగా పట్టుకుని, దొంగగారు మనకోసం వదిలివెళ్ళిన ఒక్క వస్తువునీ విప్పి పారేశావు. మూటలు కట్టడంలో ఎవరి చేతివాటం వాళ్ళదమ్మా. పాలవాడు ఒకలా కడతాడు, మిల్లులో హమాలీ ఒకలా కడతాడు. ముడిని ముట్టుకోకూడదు. దానికి దూరంగా తాడు కోయాలి. కోసిన చోట మనం కోశామని తెలియడానికి రంగుదారం కట్టాలి. ముడి ఎలా ఉన్నది అలాగే పెట్టెలో పెట్టి సీలు వేయాలి."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు, పుస్తకంలో ఏదో రాసుకున్నాడు, అది ఇంకా బాధనిపించింది. సాయంత్రానికి ఆమెకి 'ముళ్ళ గంగరత్నం' అని పేరు పడిపోయింది. పెట్టింది జ్ఞానానందమే. పొడిచి పంపిందీ ఆయనే, పేరు పెట్టిందీ ఆయనే.

అసలు చిక్కు విప్పకుండా ఉండటం కాదు, కోయడం. మర్నాడు ప్రాక్టీసుకి తాడూ కత్తీ చేతికిస్తే గంగరత్నం చేయి రాలేదు. వాళ్ళ జిల్లాలోనే చీరాల నుంచి వచ్చిన ప్రమీలారాణి ఆమెతో పాటు ఒకే గదిలో దిగింది. ఆ సీటు తనదేనని ఆమెకి గట్టి నమ్మకం, అందుకు తగ్గ తెలివీ ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక బట్టలారేసే తాడు ముక్క తెచ్చి, "కోయండక్కా, ఏం కాదు, ఇది తాడు, పాము కాదు" అంది. గంగరత్నం కళ్ళు మూసుకుని, గంగమ్మ తల్లికి మనసులో క్షమాపణ చెప్పుకుని కోసింది. ఏమీ కాలేదు. రెండోది కళ్ళు తెరిచే కోసింది. గురువారం వచ్చేసరికి పన్నెండు మందిలోకీ శుభ్రంగా కోసి, దారం కట్టి, సీలు వేసేది ఆమే అయింది. తనకి తనే ముచ్చటపడింది. ఆ వారం బాపట్ల ఎండ కూడా ఆమెకి చల్లగానే అనిపించింది.

బుధవారం నాటి మాట ఒకటి చెప్పాలి. ప్రతి సాక్ష్యానికీ ఒక ఫారం నింపాలి. ఎక్కడ దొరికింది, ఎలా ఉంది, ఎవరు తీశారు, అన్నీ రాయాలి. అట్టడుగున ఒక ప్రశ్న. 'ఈ వస్తువుతో గానీ, దానికి సంబంధించిన వ్యక్తులతో గానీ మీకు పరిచయం ఉందా?' అందరూ చదవకుండానే 'లేదు' అని రాసేస్తున్నారు. శశిధర్ గారు బల్లమీద కొట్టాడు.

"చదివి రాయండి. పదహారేళ్ళుగా ఈ ఫారాలు చూస్తున్నాను. ఉంది అని రాసిన మహానుభావుడు ఒక్కడు లేడు."

"మా ఊళ్ళో ఏ ఇంట్లో దొంగతనం జరిగినా నాకు పరిచయమే సార్" అన్నాడు జ్ఞానానందం. "ఆదివారం చర్చిలో పక్కపక్కనే కూర్చునేవాళ్ళం. ఉంది అని రాస్తే ఏం చేయాలండి?"

"ముట్టుకోకుండా పక్కవాళ్ళకి అప్పగించాలి. మనవాళ్ళ వస్తువు మనమే తీశామనుకోండి, రేపు కోర్టులో వకీలు లేచి, ఈ పోలీసు తనవాళ్ళని కాపాడుకున్నాడని ఒక్క మాటంటే చాలు, కేసు గాలికి పోతుంది."

"పరీక్షలో అయితేనండి?"

"ఆ సాక్ష్యానికి మార్కులుండవు."

జ్ఞానానందం పెదవి విరిచాడు. మిగతావాళ్ళు కూడా మనసులో అదే విరుపు విరిచి, మళ్ళీ 'లేదు' రాసుకుంటూ పోయారు. గంగరత్నమూ రాసింది.

శనివారం పరీక్ష. తెనాలిలో చాలాకాలంగా మూతపడి ఉన్న రైసు మిల్లు గోడౌను ఒకటి దొరికిందని పన్నెండు మందినీ పొద్దున రైల్లో అక్కడికి తీసుకెళ్ళారు. మిల్లు ఆగి ఏళ్ళయినా తవుడు వాసన పోలేదు. పైన పావురాలు, కింద సుద్దతో గీసిన పన్నెండు గళ్ళు, గడికో నేరం. చీట్లు తీస్తే గంగరత్నానికి ఏడో నంబరు వచ్చింది. పక్కన ఎనిమిదిలో ప్రమీలారాణి.

వంద మార్కులు. ఫోటోలు, కొలతలు, గడి పటం, పాదముద్రని సున్నంలాంటి పొడి కలిపి అచ్చు తీయడం, గాజుగ్లాసు మీద వేలిముద్ర లేపడం. ఇవన్నీ కలిపి ఎనభై. చివరిది మూట, ఇరవై. పన్నెండు గళ్ళలోనూ పన్నెండు మూటలు, పన్నెండు రకాల మనుషుల చేత శశిధర్ గారు స్వయంగా తిరిగి కట్టించుకొచ్చినవి.

గంగరత్నం చేయి ఆరోజు చక్కగా నడిచింది. పాదముద్ర అచ్చు విరగకుండా వచ్చింది. వేలిముద్ర గీతలు ఎంచుకునేటంత స్పష్టంగా వచ్చాయి. లోపల్లోపల పాట పాడుకుంటున్నంత హాయిగా ఉంది ఆమెకి. ఇక మూట. సగం నింపిన గోనెసంచి, మూతికి పచ్చ నైలాను తాడు. కత్తి తీసి వంగింది.

వంగి అలాగే ఉండిపోయింది.

అందరూ రెండు చుట్లు వేసే చోట మూడు చుట్లున్నాయి. తాడు ఎడమవైపు నుంచి తిరిగింది. మిగిలిన కొస వేలాడటం లేదు, వెనక్కి మడిచి చుట్టు కిందికి దోపి ఉంది. పేరయ్యకి కుడిచేతి చూపుడువేలు కొస ఏనాడో బోటు మీద తాడు పడి తెగిపోయింది. అప్పటినుంచీ ఆయన ఎడమచేత్తో ముడి వేస్తాడు. పట్టు మీద నమ్మకం చాలక ఒక చుట్టు ఎక్కువ వేస్తాడు. బడికెళ్ళే రోజుల్లో గంగరత్నం పుస్తకాల సంచి మూతి ఆయనే కట్టేవాడు, బస్సులో జారి పడకుండా. పిల్లలంతా పుస్తకాలు తెరిచి పాఠం చదువుతుంటే ఆమె మాత్రం మూడు చుట్ల ముడితో కుస్తీ పట్టేది. ఆ ముడిని ఆమె వెయ్యి ముళ్ళలో గుర్తుపడుతుంది.

ఇది నాన్న ముడి.

ఎవరికి తెలుస్తుంది? ఎవరికీ తెలియదు. కోసి, దారం కట్టి, సీలు వేసి, కింద 'లేదు' అని రాస్తే ఇరవైకి ఇరవై. ప్రమీలారాణి పక్క గడిలో అప్పుడే కత్తెర పెట్టేస్తోంది. ఇది నిజం నేరం కూడా కాదు, ఆడే ఆట. ఇంత ఆటకి ఇంత ఆలోచన ఎందుకని తనని తాను తిట్టుకుంది. పెన్ను తీసి ఫారం అడుగున పెట్టింది. అక్కడ ఆగిపోయింది.

ఇందాక తర్వాత చెబుతానన్నది ఇదే. మూడేళ్ళ కిందట హార్బరులో బోటువాళ్ళ మధ్య కొట్లాట జరిగి నలుగురిని స్టేషనుకి తెచ్చారు. అందులో ఒకడు వాళ్ళ పక్కింటివాడు. వాడికోసం మాట్లాడదామని పేరయ్య స్టేషనుకి వచ్చాడు, మీద చేపల వాసనతో, మోకాళ్ళ పైకి కట్టిన పంచెతో. అప్పటి ఎస్సై కొత్తవాడు, నోరు దురుసు. "ఎవరయ్యా ఈ ముసలాయన? ఇక్కడ ఎవరికైనా తెలుసా?" అని అరిచాడు. రిసెప్షను బల్ల దగ్గర గంగరత్నం ఉంది. హార్బరు పిల్ల అని తెలిస్తే తనని ఎలా చూస్తారోనని భయపడింది. తల వంచి రిజిస్టరులో రాస్తున్నట్టు నటించింది. పేరయ్య ఆమెని చూశాడు. చూసి, చూపు తిప్పుకుని, "ఎవరికీ తెలవదండి, నేనే వచ్చానండి" అన్నాడు. కూతురి అబద్ధం కూడా తనే మోసుకెళ్ళాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఇంటికెళ్ళినా ఆయన ఆ ఊసెత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. ఎత్తకపోవడం అలవాటైపోయింది.

ఇప్పుడు గోడౌనులో, కాగితం మీద, అదే ప్రశ్న. తెలుసా?

సీటు పోతుంది, నిజమే. మళ్ళీ రిసెప్షను బల్ల, మళ్ళీ ఎండలో బందోబస్తు. పోతే పోయింది. రెండోసారి తెలియదనడం మాత్రం తనవల్ల కాదు. 'ఉంది' అని రాసింది. అక్షరాలు వంకర పోకుండా నిదానంగా రాసి, కింద సంతకం పెట్టి, చెయ్యెత్తింది.

శశిధర్ గారు వచ్చి కాగితం చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఎవరమ్మా?"

"మా నాన్నండి. పేరయ్య. నిజాంపట్నం హార్బరులో వలలు బాగుచేస్తారండి." అందరికీ వినపడేలా అంది. గోడౌను కదా, గుసగుస చెప్పినా అవతలి గోడ దాకా వెళుతుంది, ఆమె గుసగుసగా కూడా చెప్పలేదు.

"వేలు కొంచెం తెగి ఉంటుంది, ఆయనేనా?" శశిధర్ గారి మొహం వెలిగిపోయింది. "గురువారం సాయంత్రం వెళ్ళాను. పేరు అడగలేదు, నాదే తప్పు." మళ్ళీ మొహం గంభీరంగా పెట్టుకుని, "సరే, పక్కకి అప్పగించు" అన్నాడు.

గంగరత్నం మూటకి దూరంగా జరిగింది. ఎనిమిదో గడి నుంచి ప్రమీలారాణి వచ్చి, తాడు కోసి, దారం కట్టి, ముడిని పెట్టెలో పెట్టింది. గంగరత్నం చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది. వింతేమిటంటే, ఆమెకి ఏడుపు రాలేదు. కడుపు నిండా తిని లేచినట్టు ఉంది.

గంట తర్వాత అందరినీ వరసగా కూర్చోబెట్టి శశిధర్ గారు మార్కులు చదివాడు. తమ జిల్లా పేర్లు వచ్చేసరికి గంగరత్నం చీర కొంగు కోసం వెతుక్కుంది, ఒంటి మీద ఉన్నది యూనిఫారం అని గుర్తొచ్చి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ప్రమీలారాణి, వందకి ఎనభై ఎనిమిది. గంగరత్నం, ఎనభైకి డెబ్భై రెండు. అంటే వందకి తొంభై. బాపట్ల జిల్లా సీటు గంగరత్నానికి."

ప్రమీలారాణి లేచింది. "అదెలా సార్? ఆవిడ మూట చేయలేదు కదండి? మార్కులుండవన్నారు మీరు."

"ఉండవన్నాను. పోతాయన్నానా?" అన్నాడు శశిధర్ గారు. "ఆ ఇరవై అసలు లెక్కలోనే ఉండవు. చేయకూడని పని చేయనందుకు మార్కులు తీసేస్తే రేపు ఎవరు చేయకుండా ఉంటారమ్మా? మీరంతా పోతాయనుకున్నారా?"

పన్నెండు మందీ పోతాయనే అనుకున్నారు. ఉండవు అనే మాటని అందరూ ఒకేలా అర్థం చేసుకున్నారు, ఆయన ఒక్కడూ ఇంకోలా అన్నాడు. ప్రమీలారాణి ఐదు నిమిషాలు మొహం మాడ్చుకుని కూర్చుంది. ఆ మాత్రం న్యాయమే. తర్వాత లేచొచ్చి గంగరత్నం భుజం మీద గట్టిగా ఒక్కటి చరిచి, "మీ నాన్న ముడి కోయడానికి నా కత్తెర మొండి అయిందక్కా" అంది. రేపల్లె రైల్లో జ్ఞానానందం దారంతా ప్రభువుకి స్తోత్రం చెబుతూనే ఉన్నాడు. మధ్యలో ఒక్కసారి ఆగి, "హార్బరు పిల్లవని నాకు ఒక్క మాటైనా చెప్పలేదేంటి చెల్లెమ్మా? ఇన్నేళ్ళూ పీతల కోసం ఊరంతా తిరిగాను" అని నిష్ఠూరమాడాడు.

మర్నాడు ఆదివారం. గంగరత్నం పొద్దున్నే హార్బరుకి వెళ్ళింది. షెడ్డు నీడలో పేరయ్య కాళ్ళు చాపుకుని, బొటనవేలికి వల తగిలించుకుని కూర్చున్నాడు. పక్కన మరో ఇద్దరు ముసలాళ్ళు. ఆమె ఎదురుగా చతికిలబడి జరిగిందంతా చెప్పింది. పేరయ్య చెయ్యి ఆపకుండానే విన్నాడు.

"ఆ సారా!" అన్నాడు. "టీ తాగించి మరీ కట్టించుకున్నాడే. ఎందుకయ్యా అంటే పిల్లలకి పాఠం చెప్పడానికన్నాడు. బడి పంతులనుకున్నా." వల కన్ను ఒకటి సరిచేసి, "కోశారా తాడు?" అని అడిగాడు.

"కోశారు నాన్నా. ముడి మాత్రం అలాగే ఉంచారు. పెట్టెలో పెట్టి సీలు వేశారు."

"ఎప్పుడు విప్పుతారు?"

"విప్పరు. వచ్చే బ్యాచ్‌లకి చూపిస్తారంట."

పేరయ్య చేతిలో పని ఆగింది. డెబ్భై ఏళ్ళలో ఆయన వేసిన ముళ్ళన్నీ ఎవరో ఒకరు విప్పినవే. విప్పకుండా దాచుకుంటారంటే ఆయనకి ఒక పట్టాన నమ్మకం కలగలేదు. అయినా ఆయన మరోసారి వినాలనుకున్నది ముడి సంగతి కాదు.

"ఆ కాయితం మీద ఏవని రాశావు?"

"ఉంది అని రాశాను. ఎవరని సారు అడిగితే, మా నాన్న అని చెప్పాను."

"అందరి ముందూనా?"

"అందరి ముందే."

పేరయ్య వల వైపు చూస్తూ కూర్చున్నాడు. గంగరత్నం కూడా అటే చూసింది. తర్వాత ఆయన నెమ్మదిగా అడిగాడు. "రాస్తే ఇరవై మార్కులు పోతాయనుకున్నావు కదే?"

"అనుకున్నాను."

"ఆ ఉజ్జోగం రాదనుకున్నావా?"

"రాదనే అనుకున్నాను."

"అనుకునే రాశావా?"

"అనుకునే రాశాను నాన్నా."

పేరయ్య బొటనవేలి నుంచి వల తీసి పక్కన పెట్టాడు. పని సగంలో ఉండగా ఆయన అలా పక్కన పెట్టడం గంగరత్నం పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు, అవసరమైన దానికన్నా ఎక్కువసేపే తుడుచుకున్నాడు. పక్కనున్న ముసలాయన ఏమైందని అడిగితే అటు తిరిగి, "మా అమ్మాయికి ఇరవై మార్కులు పోయినాయిరా, నా మూలానే" అని గట్టిగా చెప్పాడు. "పోలేదు నాన్నా, సీటొచ్చింది" అంటోంది గంగరత్నం. ఆయన ఆ మాట వినిపించుకోలేదు, రెండో ముసలాయనకి కూడా అదే చెప్పి, అందరికీ టీ చెప్పాడు.